తెరమీద లేనంత మాత్రాన లేనట్టు కాదు

(యశ్వంతనగర్‌లో తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా సభ అనగానే మనకు కొన్ని మాటలు వినడం అలవాటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుననే బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరడం, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లడం, బళ్లారి రాఘవ తెలుగు నాటకరంగాన్ని ఏలడం, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. ఈ రోజు వాటి జోలికి పోను. మీ ఇంట్లో బల్లమీద ఉన్న కంప్యూటరును గురించి మాట్లాడతాను.

ఆ కంప్యూటరులో తెలుగు ఉన్నదా అని అడిగితే చాలా ఇళ్లలో "లేదండీ, ఇంగ్లీషే వస్తుంది" అంటారు. కొందరు "కన్నడం వస్తుంది, పిల్లల బడిపని కోసం వేయించాము" అంటారు. నేను చెప్పదలచినది ఒక్కటే మాట. తెలుగు దానిలో ఉన్నది. కనబడే చోట లేదు, అంతే. కనబడని చోట ఉన్నదానిని ముందు వరుసలోకి పిలిచే పద్ధతి ఒకటున్నది. దానికి ఇంజనీరు కానక్కరలేదు. నేనూ ఇంజనీరును కాను. నిత్యం కంప్యూటరుమీద తెలుగు రాసుకొనే మనిషిని, అంతే.

ఇది ఎందుకింత ముఖ్యమని మీరడగవచ్చు. సరిహద్దు జిల్లా పిల్లవాడికి తెలుగు చెవిలో ఉంటుంది, కంటిలో ఉండదు. అవ్వతో తెలుగే మాట్లాడతాడు. బడిలో చదివేది కన్నడం. బస్సుమీద, అంగడిమీద, పంచాయితీ గోడమీద ఉండేది కన్నడం. ఇది తప్పని నేను అనను. ఉన్న రాష్ట్రపు భాషను చక్కగా నేర్చుకోవడం మన ధర్మం. కానీ ఆ పిల్లవాడికి తెలుగు అక్షరం రోజూ కనబడే చోటు ఏది? ఈనాడు పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది తెరను. ఆ తెరమీద తెలుగు లేకపోతే, మాట్లాడే తెలుగుకు చదివే తెలుగు తోడు కాదు. చదవని తెలుగు మరొక తరానికి మిగలడం కష్టం.

కిటికీ వెనుక గది

కంప్యూటరుకు "నీవు ఇలా ఉండు" అని చెప్పే ఎంపికలను అమరికలంటాము. ఏ భాషలో పలకాలి, ఏ అక్షరరూపం వాడాలి, ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలి, ఇవన్నీ అమరికలే. సెట్టింగ్స్ కిటికీ తెరిస్తే కొన్ని అమరికలు కనబడతాయి. అవే మొత్తమని మనం అనుకుంటాము. కావు. ఆ కిటికీ వెనుక పెద్ద గది ఉన్నది. విండోస్‌లో ఆ గదికి రిజిస్ట్రీ అని పేరు. ఆపిల్ మ్యాక్‌లో డిఫాల్ట్స్ అంటారు. లినక్స్ యంత్రాలలో ఎక్కువగా వాడే గ్నోమ్ తెరకు డీకాన్ఫ్ అనే భాండారం ఉన్నది. తయారుచేసినవారు, ఎక్కువమందికి అవసరమని తాము అనుకున్న అమరికలను మాత్రమే కిటికీలో పెట్టి, తక్కినవాటిని వెనుక గదిలో ఉంచుతారు. ఎక్కువమంది ఎవరన్నది నిర్ణయించేటప్పుడు బళ్లారి సరిహద్దులోని తెలుగు కుటుంబం వారి లెక్కలోకి రాదు. అది వారి ద్వేషం కాదు. మనం అడగకపోవడం.

దీనికి పాత ఉదాహరణ ఒకటి చెబుతాను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే తెలుగు కోసం గౌతమి అనే అక్షరరూపం, కన్నడం కోసం తుంగ అనే అక్షరరూపం ఉన్నాయి. కానీ ప్రాంతీయ అమరికల లోపలి పొరలో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను ఎక్కిస్తేనే వత్తులు, గుణింతాలు సరిగా కూడేవి. ఆ గడిని చూడనివారు ఏళ్ల తరబడి కంప్యూటరులో తెలుగు లేదనే నమ్మారు. ఉన్నది, మూలన ఉన్నది.

ఆ వెనుక గదిలోకి పోయే తలుపే కమాండ్ లైను. నల్లని తెరమీద ఒక గీత మిణుకుమంటూ ఉంటుంది. అక్కడ ఒక ఆదేశం రాసి ఎంటర్ కొడితే యంత్రం ఆ పని చేస్తుంది. 1984లో మాకింటాష్ వచ్చి బొమ్మలు, మౌసు సామాన్యుల చేతికి అందకముందు కంప్యూటరు పని చాలావరకు ఇలాగే జరిగేది. లినక్స్‌లో, మ్యాక్‌లో దాని పేరు టెర్మినల్. విండోస్‌లో పవర్‌షెల్.

ఒక ముందుమాట. ఈ ఆదేశాలను యంత్రంలో రోమను అక్షరాలలోనే కొట్టాలి. నేను వాటిని పలికినట్టుగా తెలుగులో చెబుతాను.

చూడడం, మార్చడం, తిరిగి పెట్టడం

ఏ యంత్రమైనా వెనుక గదిలో చేయదగిన పనులు మూడే. ఉన్నదేమిటో చూడడం, దానిని మార్చడం, వద్దనుకుంటే మళ్లీ మొదటి స్థితికి తేవడం. గ్నోమ్‌లో "జీసెట్టింగ్స్ గెట్" అంటే చూపు, "జీసెట్టింగ్స్ సెట్" అంటే మార్చు, "జీసెట్టింగ్స్ రీసెట్" అంటే మొదటిలాగా పెట్టు. మ్యాక్‌లో ఇవే "డిఫాల్ట్స్ రీడ్", "డిఫాల్ట్స్ రైట్", "డిఫాల్ట్స్ డిలీట్". పవర్‌షెల్‌లో "గెట్" తో మొదలయ్యేవి చూపుతాయి, "సెట్" తో మొదలయ్యేవి మారుస్తాయి. ఈ క్రమాన్ని తప్పకండి. ముందు చూడాలి. చూసిన విలువను కాగితంమీద రాసుకోవాలి. ఆ తరువాతనే మార్చాలి.

మొదటి ప్రయోగంగా ఏ హానీ లేనిది ఒకటి చేయండి. లినక్స్‌లో "లొకేల్ హైఫన్ ఎ" అని కొట్టండి. ఆ యంత్రానికి తెలిసిన భాషల జాబితా వస్తుంది. అందులో "టీఈ అండర్‌స్కోర్ ఐఎన్" అని ఉంటే అది తెలుగు. టీఈ తెలుగు, ఐఎన్ ఇండియా. "కేఎన్ అండర్‌స్కోర్ ఐఎన్" కన్నడం. తెలుగు ఆ జాబితాలో లేకపోతే, యంత్రపు నిర్వాహక ఖాతా ఉన్నవారిచేత తెలుగు భాషా పొట్లాన్ని ఎక్కించుకోవాలి. ఉన్నట్లయితే "ఎల్‌సీ అండర్‌స్కోర్ టైమ్" అనే పేరును పెద్ద అక్షరాలలో రాసి, సమానపు గుర్తు పెట్టి, తెలుగు సంకేతం రాసి, కాస్త ఖాళీ వదిలి, చిన్న అక్షరాలలో "డేట్" అని కొట్టండి. వారం పేరు, నెల పేరు తెలుగులో వస్తాయి. తెలుగు సంకేతం స్థానంలో కన్నడ సంకేతం పెడితే సోమవారం "సోమవార" అవుతుంది. ఈ మార్పు ఆ ఒక్క ఆదేశం వరకే. ఏదీ చెడదు. టెర్మినల్ తెరలు చాలావాటిలో తెలుగు వత్తులు సరిగా కూడవు, అక్షరాలు విడివిడిగా కనబడవచ్చు. దానిని చూసి బెదరకండి. అసలు తెరమీద అవి సరిగానే ఉంటాయి.

తెలుగు, ఆ తరువాత కన్నడం, ఆ తరువాత ఇంగ్లీషు

ఇప్పుడు మనకు అన్నిటికంటే పనికివచ్చే అమరికను చెబుతాను. సాధారణంగా యంత్రం మనలను ఒకటే అడుగుతుంది, ఏ భాష కావాలని. ఒక్కటి ఎంచుకోమంటుంది. తెలుగు ఎంచుకొంటే, తెలుగులోకి రాని వాక్యాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. తెలుగుకూ ఇంగ్లీషుకూ నడుమ మరేమీ లేనట్టే దాని ప్రవర్తన. మన ఇళ్లు అలా లేవు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసు కాగితంలో ఇంగ్లీషు. ఈ యశ్వంతనగర్ ఉన్న సండూరు సీమ 1949 వరకు ఘోర్పడేల సంస్థానం. రాజుల మాట మరాఠీ, ప్రజల మాట కన్నడం, తెలుగు. ఒక నోట రెండు మూడు భాషలు పలకడం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

లినక్స్‌లో "లాంగ్వేజ్" అనే పేరుగల ఒక అమరిక ఉన్నది. పెద్ద అక్షరాలలో రాయాలి. దానికి ఒక భాషను కాక, వరుసగా కొన్ని భాషలను ఇవ్వవచ్చు. నడుమ రెండు చుక్కల గుర్తు పెట్టాలి. "టీఈ", రెండు చుక్కలు, "కేఎన్", రెండు చుక్కలు, "ఈఎన్". అప్పుడు యంత్రం ప్రతి వాక్యానికీ ముందు తెలుగును వెదకుతుంది. లేకుంటే కన్నడాన్ని చూస్తుంది. అదీ లేకుంటేనే ఇంగ్లీషుకు పోతుంది. కొన్ని పంపిణీల సెట్టింగ్స్ కిటికీలో ఈ వరుసను పేర్చుకొనే వీలున్నది, చాలావాటిలో లేదు. కమాండ్ లైను ద్వారా మాత్రం ఎక్కడైనా రాయవచ్చు. మన సొంత ఫోల్డరులో "డాట్ ప్రొఫైల్" అనే ఫైలుంటుంది. చుక్కతో మొదలయ్యే పేరు కాబట్టి అది మామూలుగా కనబడదు. "ఎల్ఎస్ హైఫన్ ఎ" అంటే కనబడుతుంది. ఆ ఫైలు చివర "ఎక్స్‌పోర్ట్" అనే మాట ముందుంచి ఈ ఒక్క వరుస రాసి, ఖాతానుండి బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతే చాలు. ఒక్క షరతు. "లాంగ్" అనే మూల అమరిక "సి" అనే ఒంటి అక్షరంగా ఉండకూడదు. అలా ఉంటే యంత్రం మన వరుసను పట్టించుకోదు.

మ్యాక్‌లో ఇదే పని "డిఫాల్ట్స్ రైట్ హైఫన్ జీ ఆపిల్‌లాంగ్వేజెస్" అన్న ఆదేశానికి భాషల వరుస ఇస్తే జరుగుతుంది. విండోస్ 8 నుండి పవర్‌షెల్‌లో "సెట్ హైఫన్ విన్‌యూజర్‌లాంగ్వేజ్‌లిస్ట్" అనే ఆదేశం ఉన్నది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది పాత జాబితాకు కొత్త భాషను చేర్చదు, పాత జాబితాను తీసి కొత్తది పెడుతుంది. తెలుగు ఒక్కటే రాస్తే తక్కినవి పోతాయి. కనుక మూడు భాషలనూ వరుసలో రాయాలి. అందుకే ముందు "గెట్" తో చూసి రాసుకోమన్నాను.

ఇంకొక మేలు గమనించండి. ఈ అమరికలు ఖాతాకు ఒకటిగా ఉంటాయి. తాతగారి ఖాతాలో తెలుగు ముందు, కన్నడం తరువాత. బడికి పోయే మనుమరాలి ఖాతాలో కన్నడం ముందు, తెలుగు తరువాత. ఒకే యంత్రం, ఎవరి వరుస వారిది. ఒక భాషను పెట్టడానికి మరొక భాషను తీసివేయవలసిన పని లేదు. సరిహద్దులో బతికేవారికి ఇంతకంటే కావలసినదేమున్నది?

ఒకే వేలు, రెండు లిపులు

చదవడం ఒక సగం, రాయడం మరొక సగం. పిల్లలను అడిగితే "తెలుగు టైపు చేయడం మాకు రాదు" అంటారు. కన్నడం టైపు చేయడం నేర్చుకున్నవారికి తెలుగు కూడా వచ్చినట్టే. వారికి ఆ సంగతి తెలియదు.

భారతీయ భాషలకు ఒకే అమరికగా ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డును ప్రభుత్వం ప్రమాణం చేసింది. అందులో తెలుగు క ఏ మీటమీద ఉన్నదో కన్నడ క అదే మీటమీద ఉన్నది. అమ్మ అనే మాటను తీసుకోండి. షిఫ్టుతో డి నొక్కితే అ. సి నొక్కితే మ. ఒంటి డి నొక్కితే పొల్లు. మళ్లీ సి నొక్కితే రెండవ మ. నాలుగు నొక్కులు. కీబోర్డు తెలుగులో ఉంటే తెలుగు లిపిలో అమ్మ. కన్నడంలో ఉంటే కన్నడ లిపిలో అమ్మ. వేళ్లకు తేడా తెలియదు. మాట కూడా రెండు భాషలలో ఒక్కటే.

యంత్రం లోపల కూడా ఈ రెండు లిపులు పక్కపక్క ఇళ్లే. యూనికోడ్‌లో తెలుగుకూ కన్నడానికీ వరుసగా 128 స్థానాల చొప్పున ఇచ్చారు. తెలుగు వీధి ముగిసినచోట కన్నడ వీధి మొదలవుతుంది. తెలుగు అ స్థానానికి 128 కలిపితే కన్నడ అ. మ కూ అంతే, పొల్లుకూ అంతే. విండోస్ భాషలకిచ్చిన సంఖ్యలలో తెలుగు 1098, కన్నడం 1099.

ఈ రెండు కీబోర్డులను ఒకేసారి పెట్టుకొనే ఆదేశం గ్నోమ్‌లో "జీసెట్టింగ్స్ సెట్ ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ డెస్క్‌టాప్ డాట్ ఇన్‌పుట్ హైఫన్ సోర్సెస్ సోర్సెస్". దాని పక్కన మూడు కీబోర్డుల జాబితా ఇవ్వాలి: "యూఎస్", "ఐఎన్ ప్లస్ టీఈఎల్", "ఐఎన్ ప్లస్ కేఏఎన్". మొదటిది ఇంగ్లీషు, రెండవది తెలుగు, మూడవది కన్నడం. ఆ చోటనే "షో హైఫన్ ఆల్ హైఫన్ సోర్సెస్" అనే మరొక అమరిక ఉన్నది. మామూలుగా అది ఆపివేసి ఉంటుంది, సెట్టింగ్స్ కిటికీలో దానికి మీట లేదు. దానిని "ట్రూ" అని మార్చితే కిటికీ దాచి ఉంచిన తక్కిన కీబోర్డులు కూడా జాబితాలోకి వస్తాయి. మూడవది "పెర్ హైఫన్ విండో". దానిని "ట్రూ" చేస్తే ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క కీబోర్డు గుర్తుంటుంది. బడిపని కిటికీలో కన్నడం, అవ్వకు రాసే ఉత్తరం కిటికీలో తెలుగు, మాటిమాటికీ మార్చుకొనే పని లేకుండా.

కంటికి ఇంపైన అక్షరం

పెద్దవారు తెలుగు తెరను వద్దనడానికి ఒక కారణం అక్షరం. ఇంగ్లీషుకు సరిపోయే చిన్న కొలతలో తెలుగు వత్తులు ఇరుకున పడతాయి. గ్నోమ్‌లో "ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ డెస్క్‌టాప్ డాట్ ఇంటర్‌ఫేస్" అనే చోట "టెక్స్ట్ హైఫన్ స్కేలింగ్ హైఫన్ ఫ్యాక్టర్" అనే అమరిక ఉన్నది. మామూలు విలువ 1. దానిని 1.25 చేస్తే తెర అంతటా అక్షరాలు పావువంతు పెరుగుతాయి. ఎక్కువైతే "రీసెట్" ఉండనే ఉన్నది.

యంత్రంలో తెలుగు అక్షరరూపాలు ఏమున్నవో "ఎఫ్‌సీ హైఫన్ లిస్ట్" ఆదేశం పక్కన "కోలన్ లాంగ్ సమానం టీఈ" అని రాస్తే చూపుతుంది. పోతన, వేమన పేర్లతో తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించిన అక్షరరూపాలు ఎందరికో తొలి యూనికోడ్ తెలుగును చూపించాయి. గూగుల్ ఫాంట్స్‌లో ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అనే పేర్లతో తెలుగు అక్షరరూపాలు స్వేచ్ఛగా దొరుకుతాయి. ఆ కవులు కొలువుదీరిన హంపి ఇక్కడికి ఎంతో దూరం లేదు. హంపి కవుల పేర్లున్న అక్షరాలు హంపి పక్కనున్న ఇళ్ల తెరలమీద కనబడకపోవడం నాకు వెలితిగా తోస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

వెనుక గదిలోకి పోయేవారు కొన్ని నియమాలు పాటించాలి. అర్థం తెలియని ఆదేశాన్ని, ఎవరు పంపినా సరే, అతికించి ఎంటర్ కొట్టవద్దు. "సూడో" అనే మాటతో మొదలయ్యేవి యంత్రమంతటినీ మార్చగలవు. అవసరం తెలిసినప్పుడే వాడాలి. నేను చెప్పిన భాష, కీబోర్డు, అక్షరపు కొలత అమరికలకు సూడో అక్కరలేదు. భాషా పొట్లం ఎక్కించడానికి మాత్రమే కావాలి.

ముఖ్యమైన మాట మరొకటి. కిటికీలో చేసిన మార్పును మరొకరికి అప్పగించలేము. ఆదేశాన్ని అప్పగించవచ్చు. ఇంటి యంత్రంలో పనిచేసిన ఆదేశాలను ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుకోండి. అంగడివారు యంత్రాన్ని బాగుచేసి అన్నీ మళ్లీ ఎక్కించి ఇచ్చినప్పుడు తెలుగు మాయమవుతుంది. ఆ ఫైలు ఉంటే నిమిషంలో తిరిగి వస్తుంది. పొరుగింటివారికి, పక్క ఊరి చుట్టాలకు అదే ఫైలు ఇవ్వవచ్చు. అయిదారు వరుసలున్న ఆ ఫైలు చేతులు మారుతూ పోతే, అదే ఒక చిన్న భాషోద్యమం.

కన్నడం కనబడిన చోట

చివరిగా, ఈ వరుస పద్ధతివల్ల మరొక ప్రయోజనమున్నది. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు అని వరుస పెట్టుకొన్న తెరమీద అన్నీ తెలుగులో ఉండి, నడుమ ఒక వాక్యం కన్నడంలో వచ్చిందనుకోండి. దాని అర్థమేమిటి? ఆ వాక్యాన్ని కన్నడిగులు తమ భాషలోకి తెచ్చుకొన్నారు, మనం తెచ్చుకోలేదు. ఆ వాక్యం ఎక్కడ ఉన్నదో మనకు యంత్రమే చూపిస్తున్నది. లినక్స్‌లోని తెలుగు ఏ కంపెనీ దానమూ కాదు. స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కొక్క వాక్యం అనువదించి పెట్టినది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే బృందం తెలుగులో నడిచే లినక్స్ కోసమే పనిచేసింది. కనబడిన కన్నడ వాక్యాలను ఒక పుస్తకంలో రాసుకొని, వాటికి తెలుగు రాసి, ఆ అనువాదకులకు అందించడం కన్నడం, తెలుగు రెండూ వచ్చిన మనకంటే ఎవరికి సులభం? ఇక్కడి పిల్లలు చేయగలిగినంత బాగా గుంటూరు పిల్లలు చేయలేరు.

భాషా హక్కుల విషయమూ ఇంతే. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. అదీ కిటికీలో కనబడదు. వెనుక గదిలో ఉన్నది. దానిని పిలవడానికి అర్జీలు, సంఘబలం, ఏళ్ల ఓపిక కావాలి. కంప్యూటరులోని తెలుగును పిలవడానికి ఒక్క వరుస చాలు. పెద్ద పని జరిగేదాకా చిన్న పని ఆగనక్కరలేదు. చిన్నప్పటినుండి తెరమీద తెలుగు చదివిన పిల్లలే రేపు ఆ పెద్ద పనికి అర్జీ తెలుగులో రాయగలుగుతారు.

ఇంటికి పోగానే ఒక్క పని చేయండి. ఇంట్లో చదువుకొనే అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకొని, యంత్రానికి ఏయే భాషలు తెలుసో అడిగి చూడండి. జాబితాలో తెలుగు కనబడితే దానిని ఎన్నవ వరుసలో ఉంచాలో ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించండి. ఆ నిర్ణయం ఇన్నాళ్లూ ఎవరో చేశారు. ఇకనుండి మనం చేద్దాం.